పింఛను గుమ్మంలోకొస్తుంది, ఆస్పత్రికి తోడెవరు?

నమస్కారం. ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలుంటే సర్పంచ్ పదవికి పోటీ చేయకూడదని 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఒక నిబంధన ఉండేది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. అంతకు నెల ముందే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, వృద్ధులు పెరిగిపోతున్నారంటూ, ఎక్కువ మందిని కనమని పిలుపునిచ్చారు. ఒకప్పుడు 'ఇద్దరు చాలు' అని గోడల మీద రాయించింది కూడా ప్రభుత్వమే లెండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున ఏపీలో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఏపీలో పెళ్లయి 49 ఏళ్ల లోపున్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లా? ఒక శాతం కూడా లేరు!

సరే, కన్నారే అనుకుందాం. ఇవాళ పుట్టిన బిడ్డ చేతికందడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఇప్పుడు అరవైలో ఉన్నవాళ్లకు అప్పటికి ఎనభై. ఈలోపు సంగతేంటి?

2024 జులై నుంచి ఏపీలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తున్నారు. చిన్న విషయం కాదది. అందులో కేంద్రం ఇచ్చేది 200, ఎనభై దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం భరించాల్సిందే. పన్ను కట్టేవాళ్లు తగ్గుతూ పింఛను తీసుకునేవాళ్లు పెరిగితే ఆ బరువు ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

డబ్బు సంగతి అలా ఉంచండి. మోకాళ్ల నొప్పితో బస్సెక్కలేని పెద్దావిడను షుగర్ టెస్టుకు ఎవరు తీసుకెళ్తారు? కొడుకు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు. చివరికి కూతురో కోడలో ఉద్యోగం మానుకుంటుంది. ఆమె చాకిరీకి జీతం లేదు, ఏ లెక్కలోనూ కనపడదు.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం ప్రకారం పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. చూసుకుంటారనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చు. కానీ నలుగురూ ఏమనుకుంటారో అని కన్నకొడుకు మీద కాగితం పెట్టే తల్లులు ఎందరుంటారు?

నన్నడిగితే, ఊరికో తోడుమనిషిని జీతమిచ్చి పెట్టాలి. బీపీ చూడాలి, మందులు తెచ్చివ్వాలి, ఆస్పత్రి లైన్లో పక్కన నిలబడాలి. పిల్లల కోసం ఊరూరా అంగన్‌వాడీలు పెట్టుకున్నవాళ్లమే కదా మనం.

మీ ఊళ్లో మీ అమ్మానాన్నల్ని డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తున్నారు? కామెంట్లో రాయండి.