చెయ్యి పడిపోయింది, కణాలు ఇంకా బతికే ఉన్నాయి

(స్క్రీన్ మీద: మెదడు బొమ్మ. ఒక రక్తనాళంలో గడ్డ, దాని అవతల చిన్న ఎర్ర మచ్చ, ఆ మచ్చ చుట్టూ వెడల్పుగా పసుపు రంగు.)

నమస్తే. టిఫిన్ తింటున్న నాన్నగారికి ఉన్నట్టుండి మూతి ఒక పక్కకి లాగేసింది. మాట ముద్దగా వస్తోంది, కుడి చెయ్యి లేవడం లేదు. మన ఇళ్లలో వెంటనే వినిపించే మాట, "పక్షవాతం వచ్చేసింది, ఇంక ఆ చెయ్యి పోయినట్టే" అని. మరీ తొందరపడి అనేస్తున్నాం ఆ మాట. చెయ్యి లేవకపోయినా, దాన్ని నడిపే మెదడు కణాల్లో చాలా భాగం ఆ క్షణానికి బతికే ఉండవచ్చు. అవి ఎంతసేపు బతుకుతాయి, ఎందుకు చచ్చిపోతాయి అన్నదే ఈ వీడియో. పెద్దవాళ్లని ఊరి నుంచి బెంగళూరు తెచ్చుకుని ఉంటున్న మనవాళ్లు దీన్ని ముఖ్యంగా చూడాలి.

ఇలా మెదడుకి ఉన్నట్టుండి తగిలే దెబ్బనే స్ట్రోక్ అంటారు, పక్షవాతం దాని వల్లే వస్తుంది. స్ట్రోక్‌లలో ఎక్కువ భాగం రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చేవే. మిగతావి నాళం చిట్లి వస్తాయి, వాటి కథ వేరు.

మన శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతం. పీల్చిన ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. పైగా దాచుకునే అలవాటు దానికి లేదు. మామూలుగా 100 గ్రాముల మెదడుకి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 దగ్గరికి పడిపోతే కణాలు సంకేతాలు పంపడం ఆపేస్తాయి. 10 కంటే కిందికి పోతే నిమిషాల్లోనే చావు మొదలవుతుంది.

(స్క్రీన్ మీద: ఎర్ర భాగం, పసుపు భాగం విడివిడిగా.)

ఎర్ర భాగంలో నెత్తురు దాదాపు ఆగిపోయింది. పసుపు భాగానికి పక్క నాళాల నుంచి కాస్త అందుతోంది. అక్కడి కణం బేరాలు ఆపేసి, షట్టర్ దించుకుని, లోపల ఒక్క దీపం ఉంచుకున్న దుకాణం లాంటిది. బయట నుంచి చూసేవాళ్లకి మూతబడినట్టే ఉంటుంది. 1981లో ఆస్ట్రప్, సీస్యో, సైమన్ అనే శాస్త్రవేత్తలు ఈ పసుపు భాగాన్ని స్పష్టంగా నిర్వచించారు. దీన్ని పెనంబ్రా అంటారు. స్ట్రోక్ వచ్చిన తొలి గంటల్లో చేసే వైద్యం ముఖ్యంగా దీన్ని కాపాడటానికే.

ఇప్పుడు ఎర్ర భాగంలోకి వెళ్దాం. ప్రతి కణం పై పొరలోనూ సోడియాన్ని బయటికి తోసే పంపులు ఉంటాయి. శక్తి అయిపోగానే అవి ఆగిపోతాయి. సోడియం లోపలికి చొరబడుతుంది, దాని వెంట నీరు కూడా. కణం ఉబ్బుతుంది. అంతటితో ఆగితే నష్టం ఆ కణానికే పరిమితం. కానీ ఆ కణం తనలో ఉన్న గ్లూటమేట్‌ని బయటికి వదిలేస్తుంది. ఒక కణం ఇంకో కణంతో మాట్లాడటానికి రోజూ వాడేది ఈ గ్లూటమేట్‌నే. అది మోతాదు మించితే పక్క కణాల్లో తలుపులు బార్లా తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. ఆ కాల్షియం ఎంజైములను రెచ్చగొడుతుంది. అవి కణం లోపలి ప్రోటీన్లనీ కొవ్వు పొరలనీ తెగ్గోస్తాయి. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటుంది. అంటే చనిపోయే కణం పక్కదాన్ని కూడా ఈడ్చుకుపోతుంది. ఎర్ర మచ్చ పసుపులోకి పాకేది ఇలాగే. నాకు దీనంత బాధ కలిగించే విషయం ఈ జబ్బులో ఇంకొకటి లేదు.

అంచుల్లో ఇంకో రకం చావు కూడా ఉంది. కొన్ని కణాలు వెంటనే పగిలిపోవు. దెబ్బతిని, తమను తామే పద్ధతిగా కూల్చుకుంటాయి. దానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. జ్వరం, రక్తంలో ఎక్కువైన షుగర్ ఈ అంచు కణాలకి మరింత చేటు. అందుకే స్ట్రోక్ వార్డులో నర్సులు షుగర్, టెంపరేచర్ మాటిమాటికీ చూస్తారు.

మరి గ్లూటమేట్‌ని అడ్డుకునే మందు ఇస్తే సరిపోదా? శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ప్రయత్నించారు. ఎలుకల్లో బాగా పనిచేసిన ఎన్నో మందులు మనుషుల్లో తేలిపోయాయి. ఎన్ఎక్స్‌వై-059 అని ఒకటుంది, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ని పట్టడానికి తయారైన మందు. 2006లో వచ్చిన ట్రయల్‌లో ఆశ చూపించి, ఇంకా పెద్ద ట్రయల్‌లో 2007కల్లా విఫలమైంది. ఇప్పటికి గట్టిగా నిలబడిన దారి ఒకటే, నెత్తురుని తిరిగి పారించడం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ స్ట్రోక్ మొదలైన 3 గంటల లోపు ఇస్తే పనిచేస్తుందని 1995లో తేలింది, 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. పెద్ద నాళం మూసుకుపోతే గడ్డని లాగేసే పద్ధతికి 2015లో బలమైన రుజువులు వచ్చాయి. 2018లో, స్కాన్‌లో పసుపు భాగం మిగిలి ఉన్న కొందరిలో 24 గంటల వరకూ అది మేలు చేస్తుందని తేలింది.

ఈ 24 గంటలు విని నింపాదిగా ఉండకండి. పక్క నాళాలు బలంగా ఉన్నవాళ్లకే అంత గడువు దొరుకుతుంది. మీ నాన్నగారి నాళాలు ఎలాంటివో ఇంట్లో కూర్చుంటే తెలియదు. పెద్ద నాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే మెదడు వైద్యుడు లెక్కగట్టారు.

(స్క్రీన్ మీద: బెంగళూరు మ్యాప్.)

వైట్‌ఫీల్డ్ నుంచి హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రికి సాయంత్రం పూట బయల్దేరితే దారి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి ఈరోజే కనుక్కోండి, మీ ఇంటికి దగ్గర్లో 24 గంటలూ సీటీ స్కాన్, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి ఏదో. 108కి ఫోన్ చేసి "స్ట్రోక్" అనండి, కన్నడ రాకపోయినా ఆ మాట అర్థమవుతుంది. పసరు వైద్యానికని ఊరికి తీసుకెళ్లకండి. చిట్లిన నాళమా, మూసుకున్న నాళమా స్కాన్‌లోనే తేలుతుంది, అప్పటిదాకా ఆస్పిరిన్ వేయకండి. నోట్లో నీళ్లు కూడా పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

డాక్టర్ మొదట అడిగేది, "చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు?" అని. ఆ సమయం తెలిసిన మనిషే అంబులెన్స్ ఎక్కాలి. అది అమ్మ అయితే, అమ్మే. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ స్ట్రిప్ కూడా చేతిలో ఉండాలి.