ఎగరాలంటే భయపడే కాకటీల్ కోసం కొన్నవి: ఏది పనికొచ్చింది, ఏది అటకెక్కింది

అందరికీ నమస్తే అండీ. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి హాల్లోంచే మాట్లాడుతున్నాను. నా వెనకాల కర్టెన్ రాడ్ మీద కూర్చుని మనల్ని గమనిస్తోందే, అదే బూంది. పసుపు ఒళ్లు, బుగ్గ మీద నారింజ చుక్క చూడగానే ఆ పేరు పెట్టేశాం. మన ఊళ్లో ఇంకేం పేరు తోస్తుంది చెప్పండి. జాతి కాకటీల్, తల మీద జుట్టున్న చిన్న చిలక. షాపుల్లో కాక్‌టెయిల్ పిట్ట అంటారు. మా అవ్వ మాత్రం జుట్టుచిలక అంటుంది, నాకైతే అదే బాగుంది.

టేబుల్ మీద ఉన్నవన్నీ గత అయిదు నెలల్లో దీనికి ఎగరడం అలవాటు చేయడానికి నా డబ్బుతో కొన్నవి. ఎవరూ ఉచితంగా పంపలేదు. పిట్ట ఒంటికి తొడిగే తాడు పట్టీ, అదే హార్నెస్, పిట్ట వాలడానికి ఇంగ్లిష్ T ఆకారంలో ఉండే ఒక టీ స్టాండ్, పిట్ట సరిగ్గా చేసినప్పుడు నొక్కి టిక్కుమనిపించే ఒక క్లిక్కర్, గ్రాముల త్రాసు, ఈ కొర్ర కంకులు. ఇదిగో, ఈ ఫ్యాన్ దిమ్మకి మాత్రం డబ్బు పెట్టలేదు. దాని కథ తర్వాత చెప్తాను.

ముందు బూంది సంగతి. దీన్ని తెచ్చేసరికి రెండున్నర నెలల పిల్ల. ఎక్కడ కొన్నానో చెప్పను, కానీ ఇంటికొచ్చాక చూస్తే కుడి రెక్క పెద్ద ఈకలు కత్తిరించి ఉన్నాయి. ఎడమ రెక్క ముట్టుకోలేదు. ఎగిరిపోకుండా అలా చేస్తారట. కాకటీల్ పిల్ల పుట్టిన నాలుగైదు వారాలకి గూట్లోంచి బయటికొచ్చి, ఆ తర్వాత కొన్నాళ్లు పడుతూ లేస్తూ నేర్చుకుంటుంది. మలుపు ఎలా తిరగాలి, వేగం ఎలా తగ్గించాలి, కొమ్మని ఏ కోణంలో పట్టుకోవాలి, అన్నీ అప్పుడే. సరిగ్గా ఆ వయసులో దీనికి ఒకవైపు రెక్క పోయింది. ఎగరబోతే బొంగరంలా తిరిగి టైల్స్ మీద రొమ్ము కొట్టుకునేలా పడేది. నాలుగుసార్లు పడ్డాక ప్రయత్నించడమే మానేసింది.

కత్తిరించిన ఈక గోరులా మళ్లీ పెరగదండీ. ఆ మోడు రాలిపోయి దాని చోట కొత్త ఈక రావాలి. బూంది మొదటిసారి ఈకలు రాల్చింది ఆరు నెలలు దాటాకే. కొత్త ఈక మొలిచేటప్పుడు దాని కాడలో రక్తం ఉంటుంది, విరిగితే కారుతుంది. కాబట్టి అవి పూర్తిగా విచ్చుకునేదాకా నేను ఏ ట్రైనింగూ మొదలుపెట్టలేదు. చివరికి రెండు రెక్కలూ నిండుగా వచ్చాయి. అయినా మహాతల్లి నేల మీదే నడిచేది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి టకటకా నడుచుకుంటూ వచ్చేసేది. అవ్వ చూసి, "జుట్టుచిలక్కి కోడి బుద్ధులొచ్చినాయి కదరా" అనింది.

ఇక వస్తువులు. మొదట టీ స్టాండ్. ఆన్‌లైన్‌లో పదకొండు వందలు. చూడటానికి బాగుంది, మడత పెట్టొచ్చు, బరువు లేదు. ఆ బరువు లేకపోవడమే దీని రోగం. బూంది దూకి వాలగానే స్టాండు అటూ ఇటూ ఊగింది. పడలేదు, ఊగింది అంతే. కానీ అది జుట్టు మొత్తం నిక్కబొడుచుకుని, సన్నగా అయిపోయి, మళ్లీ రెండు వారాల పాటు ఆ స్టాండు వైపు చూడలేదు. పైగా ఆ కడ్డీ నున్నటి ప్లాస్టిక్, గోళ్లు జారిపోతాయి.

అప్పుడు నాకు వెలిగింది. దీనికి ఎగరడమంటే భయం కాదు, వాలడమంటే భయం. నేను చూసిన సగం వీడియోల్లో రెక్కల గురించే చెప్తారు. రెక్కలు కొట్టడం దానికి పుట్టుకతోనే వచ్చు. స్టాండు గట్టిగా పట్టుకుని నిలబడిన చోటే రెక్కలు టపటపా కొట్టుకునేది, టేబుల్ మీద కాగితాలన్నీ ఎగిరిపోయేవి. దానికి లేనిది ఒక్కటే, అవతలి వైపు కాలు పెడితే అది కదలదు అన్న నమ్మకం.

అందుకే ఈ దిమ్మ. మా పాత పెడస్టల్ ఫ్యాన్ మోటారు కాలిపోతే కింది ఇనుప దిమ్మ మేడ మీద పడి ఉండింది. దాని గొట్టంలో అడ్డంగా జామ కొమ్మ బిగించాను. నా వేలంత మందం, బెరడు తీయలేదు, కడిగి రెండు రోజులు ఎండబెట్టానంతే. మందు కొట్టిన చెట్టు కొమ్మ మాత్రం వద్దు. రెండో స్టాండు ఖాళీ పెయింట్ డబ్బాలో సిమెంటు పోసి ఇంకో కొమ్మ నిలబెట్టి చేశాను. నేను గట్టిగా తన్నినా కదలవు. మొత్తం ఖర్చు అర మూట కూడా వాడని సిమెంటు. పదకొండు వందల స్టాండు ఇప్పుడు అటక మీద ఉంది.

ఈ రెండు దిమ్మల్నీ ఆనించి పెట్టి మొదలుపెట్టాను. మొదట ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి అడుగు వేస్తే చాలు, తిండి దొరుకుతుంది. తర్వాత నాలుగు వేళ్ల ఎడం. తర్వాత జానెడు. జానెడు దగ్గర అది అడుగు వేయలేదు, దూకింది, రెక్క ఒక్కసారి విప్పింది. ఆ రోజు అంతటితో ఆపేశాను. ఆశపడి ఇంకోసారి, ఇంకోసారి అంటే చివరిసారి తప్పటడుగు పడుతుంది, దానికి గుర్తుండిపోయేది అదే. జానెడు నుంచి ఒక అడుగుకి వారం పట్టింది, ఒక అడుగు నుంచి మూడడుగులకి మూడే రోజులు. ఎందుకో తెలీదనుకునేరు, అడుగు దూరం దాటాక ఇక కాళ్లతో అందదు, రెక్క వాడక తప్పదు. ఒక్కసారి వాడిందంటే సంకోచం పోతుంది.

ఇంకో మాట. పైకి ఎగరడం పిల్ల పిట్టలకి సులభం, కిందికి దిగడం కష్టం. కిందికి వచ్చేటప్పుడు వేగం తగ్గించుకోవాలి, చోటు చూసుకోవాలి, రెండూ ఒకేసారి చేయాలి. అందుకే చాలా పిట్టలు కర్టెన్ రాడ్ ఎక్కేసి దిగలేక అరుస్తుంటాయి. కుర్చీ వేసుకుని చేత్తో దించేయకండి. రెండో స్టాండుని దాని ఎత్తుకి కొంచెం తక్కువగా దగ్గర పెట్టి, మెట్టు మెట్టుగా దానంతట అదే దిగేలా చూడండి. నేను మేజా మీద స్టూలు, స్టూలు మీద దిమ్మ పెట్టి చేశాను. ఆ అరగంట మా ఆవిడ హాల్లోకి రాలేదు, నా వేషం చూడలేక.

ఇక తిండి. ఈ కొర్ర కంకులే విజేత. పెట్ షాపుల్లో ఫారిన్ ప్యాకెట్‌లో మిల్లెట్ స్ప్రే అని అమ్మేది చూస్తే కొర్ర కంకే అండీ. మన రాయలసీమ పంట. తెలిసిన రైతు దగ్గర ఒక కట్ట తెచ్చుకుంటే నెలల తరబడి వస్తుంది. పొద్దుతిరుగుడు గింజలు కూడా పనిచేస్తాయి, కానీ వాటిలో కొవ్వు ఎక్కువ. అవి ట్రైనింగ్‌లో రోజుకి మూడో నాలుగో, అంతే. ఆకలితో మాడ్చి ఎగరేయించడం నాకు ఇష్టం లేదు. పొద్దున గిన్నె పెట్టేముందు అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు. అప్పుడు దానికి సహజంగానే ఆకలి ఉంటుంది.

ఈ ఆకలి లెక్క తప్పకుండా ఉండటానికే త్రాసు. వంటింట్లో వాడే ఒక గ్రాము తేడా చూపించేది, అయిదు వందల లోపు. రోజూ పొద్దున్నే తూచి రాస్తాను. బూంది 86 గ్రాములు, ఒకటి రెండు అటూ ఇటూ. మామూలు కాకటీల్ 80 నుంచి 100 లోపు ఉంటుంది. మీ పిట్ట బరువులో పదో వంతు తగ్గిందంటే ట్రైనింగ్ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిట్టలు జబ్బుని దాచుకుంటాయి, త్రాసు దగ్గర దాచలేవు. మన ఊళ్లో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, చిన్న పిట్టని తీసుకెళ్తే నవ్వుతారేమో అని మొహమాటపడకండి.

క్లిక్కర్ అనవసరం. దాని టిక్కుమనే చప్పుడుకే బూంది ఉలిక్కిపడింది. నాలుకతో నేనే ఒక చప్పుడు చేస్తున్నాను, అది ఫ్రీ.

హార్నెస్ గురించి అందరూ అడిగారు కాబట్టి కొంచెం వివరంగా. ఇది పద్నాలుగు వందల యాభై. వస్తువు తప్పేం లేదు. కుట్టు గట్టిగా ఉంది, తాడులో సాగే గుణం ఉంది కాబట్టి చివరికి వచ్చినప్పుడు ఒక్కసారిగా గుంజదు. కాలికి గొలుసు కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, భయపడి ఎగిరిందంటే కాలు విరుగుతుంది. అలా పోలిస్తే ఇది వంద రెట్లు మేలు. కానీ దీన్ని తల మీదుగా వేసి, రెక్కలు ఒక్కొక్కటీ దూర్చాలి. భయస్థురాలైన పిట్టకి మనం చేత్తో పట్టుకుని రెక్క లాగుతున్నట్టే ఉంటుంది. నేను తొందరపడ్డాను. రెండు రోజుల్లో వేసేశాను. మూడో రోజు నుంచి నా చెయ్యి చూస్తేనే బూంది పంజరం వెనక్కి పోయింది. కూడబెట్టుకున్న నమ్మకమంతా పోయి మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు రోజూ ఆ తాడు లూప్‌లోంచి కొర్ర కంకి చూపిస్తున్నాను, తల దానంతట అదే దూర్చేదాకా ఆగుతాను, ఎన్ని నెలలైనా సరే. హార్నెస్ ఎగరడం నేర్పదు. ఎగరడం బాగా వచ్చిన పిట్టని బయటికి తీసుకెళ్లడానికి మాత్రమే అది. మేడ మీద గద్దలు తిరుగుతుంటాయి, ఒక్కసారి బెదిరిందంటే దానికి ఏమీ కనపడదు.

గది సంగతి వస్తువు కాదు, కానీ అన్నిటికంటే ముఖ్యం. సీలింగ్ ఫ్యాన్. మన ఇళ్లలో పిట్టలకి యముడు అదే. స్విచ్ మీద ఎర్ర స్టిక్కర్ అతికించాను, మా ఇంట్లో అందరికీ తెలుసు. తిరుపతిలో మే నెలలో ఫ్యాన్ లేకుండా హాల్లో కూర్చోవడం అంటే ఏంటో మీకు తెలుసు కదా. అందుకే పొద్దున ఆరింటికే కానిస్తాం. కిటికీ అద్దాలకి కర్టెన్ వేస్తాను, మొహం చూసుకునే అద్దం మీద దుప్పటి కప్పుతాను. వంటింటి తలుపు మూస్తాను. నాన్‌స్టిక్ పెనం బాగా కాలితే వచ్చే పొగ నిమిషాల్లో పిట్టని చంపేస్తుంది, అందుకే మా దోసెలు ఇప్పుడు ఇనుప పెనం మీదే. శుక్రవారం సాంబ్రాణి వేసేటప్పుడు బూందిని లోపలి గదిలోకి మారుస్తాం. అవ్వ మొదట గొణిగింది, తర్వాత ఆవిడే గుర్తు చేస్తోంది.

వేలి మీద కూర్చోబెట్టి చెయ్యి ఒక్కసారి కిందికి దించేస్తే రెక్క కొట్టుకుంటుంది, అలా చేయండి అని కొందరు చెప్తారు. గాల్లోకి విసరమని కూడా చెప్తారు. కొట్టుకుంటుంది నిజమే, భయంతో. ఆ తర్వాత మీ వేలు ఎక్కాలంటే ఆలోచిస్తుంది. నేను చేయలేదు, మీరూ చేయకండి. అలాగే ఎగిరిన తర్వాత నోరు తెరిచి రొప్పుతుంటే అక్కడితో ఆపేయాలి. నెలల తరబడి ఎగరని పిట్టకి ఛాతీ కండ ఉండదు.

కింద కామెంట్లలో రామచిలుక పిల్లకి ఎలా నేర్పాలి అని తప్పకుండా ఎవరో అడుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకని ఇంట్లో పెంచకూడదండీ. కాకటీల్ ఆస్ట్రేలియా పిట్ట, దాని సంగతి వేరు.

ఇప్పుడు బూంది హాలు ఈ మూల నుంచి ఆ మూలకి, పద్నాలుగు అడుగులు, సులభంగా వెళ్తోంది. మలుపు తిరగడం ఇంకా సరిగ్గా రాదు, టీవీ దగ్గర కంగారు పడుతుంది. కర్టెన్ రాడ్ మీంచి నేరుగా నా చేతికి మొన్న ఒక్కసారే వచ్చింది. ఇవాళ కెమెరా ముందు వస్తుందేమో చూద్దాం. దిమ్మ ఇక్కడ పెట్టాను, కంకి ఇదిగో. బూందీ. రా. రా తల్లీ.

చూస్తోంది. జుట్టు లేపింది, దింపింది. ఇదిగో, వంగింది...

లేదు, ఈకలు సర్దుకుంటోంది. సరే, దానికి ఇవాళ ఇష్టం లేదు. కంకి ఇక్కడే ఉంచుతాను. కెమెరా ఆపేస్తున్నాను. అది దిగేదాకా ఫ్యాన్ మాత్రం వేసేది లేదు, చెమట కారితే కారనీ.