మారతహళ్ళిలో మా చెల్లెలి మందుల డబ్బా

అందరికీ నమస్కారం. డాలస్ నుంచి నేను బెంగళూరు వచ్చి ఆరు వారాలైంది. మారతహళ్ళిలో మా చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాను. తనకిప్పుడు ఏడో నెల. సీమంతం విశేషాలు చూపించమని చాలామంది అడిగారు గానీ, ఈరోజు తన మందుల డబ్బా గురించే చెబుతాను.

గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. నేను వచ్చేనాటికి చెల్లెలికి 9.6 ఉంది. "ఒక్కరోజు కూడా మాత్ర మానలేదక్కా, అయినా ఎందుకు తగ్గిందో!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు పొద్దున టిఫిను కాగానే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకుని, ఆ వెంటనే ఫిల్టర్ కాఫీ తాగడం చూశాక నాకు అనుమానం వచ్చింది. కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కాఫీ, టీలలో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు కూడా అంతే.

అమెరికాలో నా కాన్పుకు ముందు నేను రోజూ వేసుకున్నది, 27 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు విటమిన్లు కూడా ఉన్న ఒకే ఒక్క మాత్ర. మన దేశంలో 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ అనే ప్రభుత్వ రక్తహీనత నివారణ కార్యక్రమం ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణుల్లో సగానికి పైగా, అంటే 52 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలిందంటే, ఇంత మోతాదు ఎందుకో అర్థమవుతుంది.

ఫోలిక్ ఆమ్లం సంగతి వేరు. బిడ్డ మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం సరిగ్గా మూసుకోవడానికి అది కావాలి; ఆ నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ గడువు చాలావరకు గడిచిపోతుంది కనుక, పిల్లలు కావాలనుకున్నప్పుడే వైద్యులను అడిగి మొదలుపెట్టండి. ఈ పోషకం జాడ దొరికింది మన ముంబయిలోనే: లూసీ విల్స్ అనే వైద్యురాలు అక్కడి గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతోందని 1931లో ప్రకటించారు.

డాక్టరుగారిని అడిగి వేళలు మార్చాము. కాల్షియం మధ్యాహ్నం, రాత్రి భోజనాలయ్యాక. ఐరన్ పదకొండు గంటలకు, టిఫినుకీ భోజనానికీ నడుమ, నిమ్మరసంతో. అందులోని సి విటమిన్ ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. కాఫీ పొద్దున ఏడింటికే అయిపోతుంది. మొదట్లో కడుపులో తిప్పింది, మలం నల్లబడింది. నల్లబడటం మామూలేనని, భయపడి మాత్ర మానొద్దని డాక్టరుగారు చెప్పారు.

నిన్నటి పరీక్షలో 10.6 వచ్చింది. ఐరన్ సీసాను మాత్రం మూడేళ్ళ పెద్దవాడికి అందకుండా పై అరలో పెట్టాము, ఎందుకంటే ఆ మాత్రలు ఎక్కువగా మింగితే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు.