ఆ ఒక్క సెకను ఎవరిది?

అధ్యాపకులకీ విద్యార్థులకీ నమస్కారం.

డ్రైవర్ లేని కార్లు, నీతి. ఈ మాట ఎత్తగానే మీలో చాలామందికి ట్రాలీ కథ గుర్తొచ్చి ఉంటుంది. బండి ఆగదు, నేరుగా పోతే ఐదుగురు పోతారు, పక్క పట్టా మీదికి తిప్పితే ఒక్కరు. 1967లో ఫిలిపా ఫుట్ అనే బ్రిటిష్ తత్వవేత్త వేసిన చిక్కుముడి ఇది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్ని కారుకి తగిలించి 'మోరల్ మెషీన్' పేరుతో ఆన్‌లైన్‌లో పెడితే దాదాపు 4 కోట్ల తీర్పులు వచ్చిపడ్డాయి. ముసలాయనా, చంటిపిల్లా? ఎక్కువమంది పిల్లనే కాపాడమన్నారు. తూర్పు దేశాల్లో ఆ మొగ్గు కాస్త తక్కువ.

సరదాగానే ఉంటుంది, ఆడి చూడండి. నాకు మాత్రం దానితో ఒక పేచీ ఉంది. ఆ ఆటలో కారుకి అన్నీ తెలుసు. ఎదురుగా ఉన్నది మనిషేనని తెలుసు, ఆఖరికి వయసు కూడా తెలుసు!

రోడ్డు మీద అలా జరగలేదు. 2018 మార్చి 18, రాత్రి పది కావస్తోంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, టెంపీ నగరం. 49 ఏళ్ళ ఆవిడ సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. అక్కడ జీబ్రా గీతలు లేవు. ఉబర్ పరీక్షిస్తున్న వోల్వో కారు గంటకి సుమారు 70 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే ఆమె సెన్సార్లకి చిక్కింది. అంటే వంద మీటర్ల పైచిలుకు దూరంలోనే.

మరి ఆగలేదేం? కారు ఒకసారి ఆమెను వాహనం అనుకుంది, ఇంకోసారి 'ఏదో వస్తువు' అనుకుంది, మరోసారి సైకిల్ అనుకుంది. అనుకున్నది మారినప్పుడల్లా అంతవరకూ ఆమె ఎటు కదిలిందో ఆ లెక్క వదిలేసి మళ్ళీ మొదటికొచ్చింది. మనిషి అని ఒక్కసారీ అనుకోలేదు. జీబ్రా గీతలు లేనిచోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ ప్రోగ్రాంలో లేదు మరి.

మన ఊళ్ళలో అసలు రోడ్డు దాటేదెలా? ఒక చేతిలో కూరల సంచి, రెండో చెయ్యి వచ్చే లారీకేసి చాపి, "ఆగవయ్యా" అన్నట్టు డివైడర్ సందులోంచి నడిచి వచ్చేస్తుంది పెద్దావిడ. లారీ ఆగుతుంది కూడా.

సరే, టెంపీకి వద్దాం. 1.2 సెకన్లు మిగిలుండగా, గుద్దుకోవడం తప్పదని కారుకి తేలింది. అయినా ఒక సెకను ఊరుకుంది. అది యంత్రం చేసిన పొరపాటు కాదు, మనుషులు పెట్టిన నియమం. లేనిపోనివాటికి ఉలిక్కిపడి సడన్ బ్రేకు వెయ్యకూడదని, అపాయం నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంజనీర్లు ఆ సెకను గడువిచ్చారు. ఈలోపు సీట్లో కూర్చుని కారును కనిపెట్టుకుని ఉండే మనిషి, అంటే ఆపరేటర్, చూసుకుంటారని వాళ్ళ ధీమా. వోల్వోకి సొంతంగా అత్యవసర బ్రేకు ఉంది, స్వయంచాలిత మోడ్‌లో దాన్ని పనిచెయ్యకుండా ఆపేశారు. అంతకుముందు కారులో ఇద్దరు ఆపరేటర్లు ఉండేవారు, ఒకరికి తగ్గించారు. ఆ ఒక్కరూ ఆ రాత్రి ఫోన్‌లో టీవీ షో చూస్తున్నారు.

2019లో ప్రాసిక్యూటర్ కంపెనీ మీద క్రిమినల్ కేసుకి ఆధారం లేదన్నారు. 2023లో ఆపరేటర్ నేరం ఒప్పుకుంటే 3 ఏళ్ళ ప్రొబేషన్ పడింది, అంటే జైలు కాదు, అధికారుల పర్యవేక్షణలో ఉండటం. ఆపరేటర్‌ది తప్పే, కాదనను. కానీ ఆ ఒక్క సెకను ఎవరి ఖాతాలో రాయాలి?

ప్రమాదం తప్పనప్పుడు వయసో, ఆడా మగా అనో చూసి మనుషుల్ని ఎంచకూడదని జర్మనీ ఎథిక్స్ కమిషన్ 2017లోనే చెప్పింది. నాకు నచ్చిన మాటే. అయితే టెంపీ కారు ఎవరినీ ఎంచలేదు. ఎంపికలన్నీ నెలల ముందే, ఏసీ గదుల్లో, ఎవరూ కంగారు పడకుండా జరిగిపోయాయి.

సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో డ్రైవర్ లేని వాహనాల్ని పరీక్షించే టిహాన్ మైదానం ఉంది. 2022లో మొదలైంది. మీలో కొందరు రేపు అక్కడో, ఇంకెక్కడో ఈ కోడ్ రాస్తారు. ముసలాయనా, చంటిపిల్లా అని మిమ్మల్ని ఎవరూ అడగరు. ఒక మధ్యాహ్నం మీ లీడ్ టీ కప్పు పట్టుకుని మీ సీటు దగ్గరికొచ్చి అంటాడు: "బ్రేకు ఊరికే పడిపోతోంది బాబూ, డెమోలో ఇబ్బందిగా ఉంది. ఆ సంఖ్య కొంచెం పెంచు."