ఎండ కాసిన రోజే భయపడండి

అందరికీ నమస్కారం. డిసెంబరులో ఉత్తరాఖండ్ హిమాలయాల్లో ట్రెక్కింగుకి కేదార్‌కంఠ వెళ్తున్నామని మన పర్లాకిమిడి పిల్లలు చెప్పగానే సంతోషమేసింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే మిమ్మల్నీ మీ అమ్మానాన్నల్నీ ఇలా కూర్చోబెట్టాను. మనకి కొండలు కొత్త కాదు, శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కినవాళ్ళు ఈ హాల్లోనే బోలెడుమంది ఉంటారు. అక్కడ కాలికింద రాయి ఉంటుంది. హిమాలయాల్లో చలికాలం కాలికింద ఉండేది మంచు, దాని కింద ఇంకో మంచు, ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయో లేదో పైనుంచి చూస్తే తెలీదు. పట్టు లేకపోతే పైది ఒక్కసారిగా కిందికి జారిపడుతుంది, అదే మంచుచరియ (అవలాంచ్).

మొదట కొంచెం మంచు పడుతుంది. తర్వాత కొన్నాళ్ళు ఆకాశం తేటగా ఉండి రాత్రుళ్ళు గడ్డకట్టే చలి. నేలని ఆనుకున్న మంచు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన మాత్రం మైనస్ పదో పదిహేనో. ఆ తేడాకి కింద నుంచి ఆవిరి పైకి పాకుతూ మంచుని గరుకు పలుకులుగా మార్చేస్తుంది. తర్వాత పడే కొత్త మంచు దాని మీదే కూర్చుంటుంది. నేను పర్వతారోహణ కోర్సు చేసినప్పుడు మా గురువుగారు గొయ్యి తవ్వించి, అడుగు పొరలోంచి గుప్పెడు తీసి నా చేతిలో పోశారు. ఎంత పిసికినా ఉండ కట్టలేదు, పంచదారలా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. తర్వాత పొరలు ఎంత గట్టిగా పట్టుకున్నాయో చూడ్డానికి 30 సెంటీమీటర్ల చదరంలో మంచుదిమ్మ కోసి, పైన పార ఆనించి చేత్తో తట్టడం మొదలెట్టారు. మణికట్టు ఆడించి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది దెబ్బలు వెయ్యాలి. మోచేతి మూడో దెబ్బకే పైభాగం పలకలా ఊడి నా మోకాళ్ళ మీదికి జారింది. అంతకు నిమిషం ముందు దాని మీదే నిలబడి ఫోటో దిగాను.

ఆ పలక కదలడానికి ఒక్క మనిషి బరువు చాలు. ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్ళలో ఎక్కువమంది తాము గానీ తోటివాళ్ళు గానీ కదిలించిన మంచులోనే పడ్డారు. 30 నుంచి 45 డిగ్రీల వాలే ప్రమాదం. మీరు వెళ్ళే దారి చాలావరకు అంత వాలు కాదు, గైడు వెనకే నడిస్తే నాకు బెంగ లేదు. నా బెంగంతా, కొత్త మంచు పడ్డ మర్నాడు ఎండ కాసి, పక్కన నున్నటి వాలు తళతళ మెరుస్తుంటే అటు పరిగెత్తే వాళ్ళ గురించే. మంచు పడ్డాక మొదటి 24 గంటలూ, గట్టిగా గాలి వీచాక కూడా, ఆ వాలు మీదికీ వద్దు, దాని కిందికీ వద్దు. కాలికింద 'వుమ్'మని మూలిగిన చప్పుడు వచ్చినా, అడుగు ముందు నుంచి పగులు పాకినా వెనక్కి వచ్చెయ్యండి. 2022 అక్టోబరులో ఉత్తరాఖండ్‌లోనే ద్రౌపదీ కా దండా అనే శిఖరం మీద మంచుచరియలో 29 మంది పోయారు, వాళ్ళు పర్వతారోహణ శిక్షణలో ఉన్నవాళ్ళూ, నేర్పేవాళ్ళూ.

అమ్మానాన్నలకి ఒక్క మాట. తిత్లీ తుపానప్పుడు మన గజపతి జిల్లా బరఘరలో వానకి గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ పడిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. క్యాంపులో రెండ్రోజులు ఆపేశారని పిల్లలు ఫోన్ చేస్తే, 'అంత డబ్బు పోసి వెళ్ళి ఊరికే కూర్చున్నారా' అనకండి.

మంచులో కూరుకుపోయిన మనిషిని పావుగంటలోపు తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత గబగబా పడిపోతుంది. హెలికాప్టర్ అంతలో రాదు, పక్కవాడే తవ్వాలి. బయట ఇసుక కుప్పలో ఒక ట్రాన్సీవర్ (మంచులో కూరుకున్నవాళ్ళని సిగ్నల్‌తో వెతికే చిన్న పరికరం) పాతిపెట్టాను, రెండోది ఇదిగో. ఇద్దరిద్దరుగా రండి, గడియారం నేను చూస్తాను.