పత్తర్‌గట్టి: కమాను వెనుక నడవ

సభకు నమస్కారం.

నల్లగొండలో బట్టల బజారు మీద ప్రసంగమంటే పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాల గురించి చెబుతానని మీరు ఎదురుచూసి ఉంటారు. అయితే ఆసు పోయడం (నూలును మేకుల మీద వరుసగా చుట్టడం) గురించీ, చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలును ముడులు వేసి కట్టడం) గురించీ నాకన్నా బాగా తెలిసినవారు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. అందుచేత మగ్గం దిగిన బట్ట పోయి చేరే చోట్లలో ఒకటైన పత్తర్‌గట్టి బజారును, హైదరాబాదు పాతబస్తీలోని ఒక కట్టడంగా మీ ముందు పెట్టదలచుకున్నాను. మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెండ్లి బట్టలకు పట్నం పోవడమంటే చాలా కుటుంబాలకు మూసీ మీది నయాపూల్ వంతెన దాటి, మదీనా కూడలి మీదుగా చార్మినార్ వైపు నడవడమే. ఆ దారికి రెండు పక్కలా సాగే రాతి కమాన్ల వరుసను మీలో చాలామంది చూసే ఉంటారు, దాని కింద నిలబడి బేరమాడి కూడా ఉంటారు. అది చార్మినార్‌తోపాటే కట్టినదని అనుకునేవారు తక్కువేమీ కాదు. నిజానికి రెండింటికీ మధ్య మూడు వందల ఏండ్లకు పైగా ఎడముంది.

చార్మినార్‌ను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించాడు. దానికి ఉత్తరాన, రాజప్రాసాదాల ముంగిట, నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు ఆ మరుసటి ఏడాది లేచాయి. నడుమ ఉన్నది గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. ఆ ప్రాసాదాలు పోయాయి, కమాన్లు మిగిలాయి. ఉత్తరపు కమాను, అంటే మచిలీ కమాన్ దాటి మూసీ వైపు వెళ్లే బాటే తరువాతి కాలంలో పత్తర్‌గట్టి అయింది.

ఆ మార్పుకు కారణం వర్తకం కాదు, వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలను బలిగొన్నది. మరణాలు పదిహేను వేల దాకా ఉంటాయని అంచనా. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నదిని అదుపు చేసే మార్గం సూచించగా, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చెరువుల కథ అందరికీ తెలిసిందే. దానికి జోడీగా నడిచిన రెండో కథే మనకు ముఖ్యం. వరద వెనుకనే 1911లో ప్లేగు వచ్చింది. ఇరుకు సందులూ, గాలి వెలుతురు చొరబడని ఇండ్లూ ఆ జబ్బుకు నెలవులని పాలకులకు అర్థమైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన కొద్ది కాలానికే, 1912లో, ఆరాయిష్-ఎ-బల్దా అనే నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. రోడ్లను వెడల్పు చేయడం, మురికివాడల స్థానంలో కొత్త ఇండ్లు కట్టడం, బజార్లను ఒక పద్ధతికి తేవడం దాని పనులు. పత్తర్‌గట్టి ఆ మండలి చేతి పని. కాబట్టి మనం చూసే ఆ కమాన్ల వరుసను నవాబుల విలాసంగా కాక, ఒక పురపాలక సంస్థ ప్రజారోగ్యం కోసం గీసిన నక్షాగా చదవాలని నా మనవి.

ఇక రాయి సంగతి. పత్తర్‌గట్టిలోలాగే చార్మినార్‌లో ఉన్నదీ గ్రానైటే. అయితే కుతుబ్‌షాహీ మేస్త్రీలు రాతిని డంగుసున్నంతో కట్టి, పైన గచ్చు పూసి, ఆ గచ్చులోనే పువ్వులూ లతలూ తీర్చారు. పత్తర్‌గట్టిలో ఆ పూత లేదు, చెక్కిన రాయి చెక్కినట్టే బయటికి కనబడుతుంది. పూత లేని గోడలో అతుకు వంకర పోతే దాచే వీలు లేదు గనుక ప్రతి రాయినీ అంచులు కలిసేలా తీర్చవలసి ఉంటుంది. అది ఖర్చుతో కూడిన పని. వరదలో మట్టి గోడలు కరిగిపోవడం కళ్లారా చూసిన నగరం ఆ ఖర్చుకు వెనుకాడలేదని నాకనిపిస్తుంది.

కమానే ఎందుకు? మన పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంలో బరువును మోసేవి స్తంభాలూ దూలాలూ. రాతి దూలం పొడవు పెరిగితే దాని కింది అంచు వంపుకు తాళలేక పగులుతుంది గనుక స్తంభాలను దగ్గర దగ్గరగా నిలపక తప్పదు. దేవుడి మండపానికి అది శోభే గాని, మల్గీ, అంటే దుకాణం, ముందు భాగం వెడల్పుగా తెరిచి ఉండాలి. కమానులో రాళ్లు ఒకదానినొకటి నొక్కుకుంటూ బరువును పక్కలకు తోస్తాయి. ఆ తోపును పక్క కమాను అటునుంచి తోసి ఆపుతుంది. అందుకే వరుస నడుమ కమాన్లను మోసే దిమ్మెలు సన్నగా ఉన్నా నిలుస్తాయి, చివరి దిమ్మె మాత్రం బలంగా ఉండాలి. దుకాణం ముఖం పెంచుకుందామని మధ్యలో ఒక్క దిమ్మెను చెక్కితే, ఆ నష్టం చెక్కినవారి దుకాణంతో ఆగదు.

అయినా ఈ కట్టడంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కమాను కాదు, కమాను వెనుకనున్న నడవ. రోడ్డు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది గనుక పడమటి వరుసకు పొద్దుటి ఎండ, తూర్పు వరుసకు సాయంత్రపు ఎండ సూటిగా తగులుతుంది. అలా ఏటవాలుగా పడే ఎండను చిన్న చూరు ఆపలేదు, లోతైన నడవ చాలావరకు ఆపుతుంది. ఎండ తగిలితే బట్ట రంగు తేలిపోతుంది. అలాగని దీపం వెలుగులో రంగును పోల్చుకోలేము. ఇప్పటి షోరూము లైట్ల కింద ఆకుపచ్చగా కనబడ్డ చీర ఇంటికి వచ్చాక నీలంగా తేలడం మీకు తెలియనిది కాదు. బట్టను నీడలో చూడాలి, కాని పగటి వెలుగులో చూడాలి. నడవ ఇచ్చేది సరిగ్గా ఆ వెలుగే. పైగా టాంగాల, బండ్ల తాకిడి లేకుండా ఆడవాళ్లూ పిల్లలూ నిలబడి ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి వానలోనైనా నడిచిపోయే చోటు అది. కింద దుకాణాలు, పైన నివాసాలు ఉండడంతో రాత్రి కూడా బజారు నిర్మానుష్యం కాలేదు. 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వచ్చాక మిల్లు బట్టల తానులూ, చేనేత చీరలూ పక్కపక్కనే అమ్ముడుపోయే కాలం వచ్చినా, రెండింటికీ ఈ నీడే సరిపోయింది.

ఆ నడవే ఇప్పుడు ఎక్కువగా నష్టపోతున్నది. చాలాచోట్ల సరుకు నడవలోకి వచ్చింది, మనుషులు రోడ్డు మీదికి దిగారు. బోర్డులు కమాను కొనలను కప్పేశాయి, విద్యుత్ తీగలు ముఖాలకు అడ్డంగా వేలాడుతున్నాయి. మరమ్మతు పేరిట అతుకుల్లో సున్నానికి బదులు సిమెంటు నింపడం ఇంకా హానికరం, ఎందుకంటే సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది. ఇది బాగుచేయలేని వ్యవహారమేమీ కాదు. 1935లో గ్రానైటుతోనే కట్టిన మొజంజాహీ మార్కెట్‌ను శుభ్రపరిచి, మరమ్మతు చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. అయితే అది విడిగా నిలబడ్డ ఒకే ప్రాంగణం, పత్తర్‌గట్టి అయితే రద్దీ రోడ్డుకు రెండు పక్కలా బారులు తీరిన దుకాణాల వరుస. అక్కడ ఒక్క దుకాణదారు బోర్డు తీసినంత మాత్రాన పని కాదు, వరుస వరుసంతా కలిసి రావాలి.

మన ఊళ్ల విషయం కూడా చెప్పి ముగిస్తాను. గద్వాల చీరకు 2010లో, నారాయణపేట చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పోచంపల్లికి అంతకు ముందే వచ్చింది. ఈ ఊళ్లలో కొత్తగా కట్టే చేనేత దుకాణాల్లో షట్టరు ఎత్తగానే ఎండ నేరుగా చీరల మీద పడుతున్నది, దానికి అడ్డంగా పచ్చ పరదా కడుతున్నారు. ఆ పరదా గుండా వచ్చే వెలుగులో ఏ రంగూ దాని రంగులో కనబడదు. నక్షా గీసే ఇంజనీర్లను నేను కోరేది ఒక్కటే: షట్టరును వెనక్కి జరిపి, ముందు ఒక నడవకు చోటు వదలండి. తూర్పు, పడమర ముఖాల వరుసలకు ఆ నడవ లోతుగా ఉండాలి. దక్షిణ ముఖానికి మధ్యాహ్నపు ఎండ పైనుంచి పడుతుంది గనుక తక్కువ లోతు చాలు. ఉత్తర ముఖానికైతే వాన జల్లును ఆపేంత చూరు ఉన్నా సరిపోతుంది.