“జైలు లేదుగా, సంతకం పెట్టెయ్” అనే ముందు: అమెరికా సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీ

నమస్కారం అండీ. ఇవాళ్టి విషయం మన ఇళ్లల్లో ఎవరూ నోరు విప్పి మాట్లాడనిది. అమెరికాలో ఉన్న పిల్లవాడి మీద లైంగిక నేరం కేసు పడితే గుంటూరులో ఉన్న అమ్మానాన్న చుట్టాలకు తెలియకుండా దాచుకుంటారు. లాయర్‌ని వెతకాల్సిన రోజులు ఆ దాచుకోవడంలోనే గడిచిపోతాయి.

ఈ రిజిస్ట్రీ అంటే లైంగిక నేరాల్లో దోషుల పేర్లు, వివరాలు ప్రభుత్వం నమోదు చేసి ఉంచే జాబితా. అది ఊరికే పుట్టలేదు. 1994లో న్యూజెర్సీలో ఏడేళ్ల పాపను ఎదురింటి మనిషి చంపేశాడు. పిల్లల మీద అఘాయిత్యం చేసి అతను అంతకుముందే శిక్ష పడినవాడని ఆ పాప ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆ పాప పేరు మీదే 1996లో మేగన్ చట్టం వచ్చింది. 2006లో ఆడమ్ వాల్ష్ చట్టం దాన్ని ఇంకా బిగించింది. కాబట్టి నేరం చేసినవాణ్ణి తప్పించే చిట్కాలు ఈ వీడియోలో వెతకొద్దు. ఆరోపణ వచ్చిన మనిషికి ఉన్న హక్కుల గురించి, వాటిని తెలియక చేజార్చుకోవడం గురించి చెబుతాను.

డాలస్‌లో మన కుర్రాడు ఒకడు ఉన్నాడనుకోండి. మైనర్‌తో ఆన్‌లైన్‌లో అసభ్యంగా చాట్ చేశాడని కేసు. తీరా చూస్తే అవతల చాట్ చేసింది పోలీసు. ప్రాసిక్యూటర్ ఒక ఆఫర్ ఇస్తాడు: నేరం ఒప్పుకో, డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇస్తాం, అంటే దోషి అనే తీర్పును పక్కన పెట్టి ఉంచుతాం, జైలు ఉండదు, ప్రొబేషన్ (కోర్టు నిఘాలో ఉండే గడువు) సరిగ్గా పూర్తి చేస్తే నేరం రుజువైనట్టు తీర్పే ఉండదు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుని “పెట్టెయ్ నాన్నా సంతకం” అంటారు. అసలు దెబ్బ అక్కడే. రిజిస్ట్రేషన్ విషయంలో టెక్సస్ చట్టం డిఫర్డ్ అడ్జుడికేషన్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఇమిగ్రేషన్ చట్టమైతే దాన్ని శిక్ష పడినట్టే చూస్తుంది. జైలు తప్పింది, వీసా పోయింది, పేరు రిజిస్ట్రీకి ఎక్కింది.

మిన్నెసోటాలో ఇంకో మెలిక ఉంది. లైంగిక నేరం ఆరోపణ పెట్టి, చివరకు అదే సంఘటనలోని చిన్న నేరం ఒప్పుకోవడంతో సరిపెట్టినా, రిజిస్ట్రేషన్ తప్పకపోవచ్చు. అందుకే లాయర్‌ని “జైలు ఉంటుందా?” అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఈ సెక్షన్ ఒప్పుకుంటే రిజిస్ట్రేషన్ ఉంటుందా, ఎన్నేళ్లు, తర్వాత పేరు తీయించుకునే దారి ఉందా, నా వీసా సంగతేంటి? ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. ప్లీ (కోర్టులో నేరం ఒప్పుకోవడం) వల్ల దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే ఆ మాట క్లయింట్‌కి చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్‌కి అంత గట్టి రక్షణ లేదు. 2003లో అలాస్కా కేసులో అదే కోర్టు రిజిస్ట్రీని శిక్షగా కాక సివిల్ ఏర్పాటుగా చూసింది. “నాకెవరూ చెప్పలేదు” అని తర్వాత మొత్తుకున్నా చాలాచోట్ల ప్లీ రద్దు కాదు. నన్నడిగితే ఇది అన్యాయమే. జీవితాంతం వెంటాడేదాన్ని శిక్ష కాదనడం కాగితం మీద మాత్రమే నప్పుతుంది.

రిజిస్ట్రేషన్ అంటే ఏదో ఫారం నింపి వచ్చేయడం కాదండీ. వేలిముద్రలు, అరచేతి ముద్రలు, ఫోటో, డీఎన్ఏ, కారు నంబర్, ఉద్యోగం చేసే చోటు, చదివే కాలేజీ, ఈమెయిల్ ఐడీలు అన్నీ ఇవ్వాలి. వీటిలో ఫోటో, ఇంటి అడ్రస్ లాంటివి పబ్లిక్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. ఫెడరల్ (అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ) ప్రమాణంలో మూడు శ్రేణులు: 15 ఏళ్లు, 25 ఏళ్లు, జీవితాంతం. జీవితాంతం పడినవాళ్లు మూడు నెలలకోసారి స్వయంగా వెళ్లి హాజరు వేయించుకోవాలి. రాష్ట్రాల లెక్కలు వేరు. కాలిఫోర్నియాలో ఒకప్పుడు అందరికీ జీవితాంతమే, 2021 నుంచి 10 ఏళ్లు, 20 ఏళ్లు, జీవితాంతం అని విడదీశారు. గడువు పూర్తయినవాళ్లు మొదటి రెండు శ్రేణుల్లో ఉంటే పేరు తీసేయమని కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. పేరు దానంతటదే పోదు.

ఇల్లు మారినా, ఉద్యోగం మారినా చెప్పాలి. ఫెడరల్ ప్రమాణంలో 3 పనిదినాలు, ఫ్లోరిడాలో కొత్త ఇంటికి మారితే 48 గంటలు. చెప్పకపోవడం మళ్లీ ఇంకో నేరం, ఫెడరల్ కేసైతే పదేళ్ల వరకు జైలు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లనైనా ఆ ఫెడరల్ శిక్షతో దేశం నుంచి పంపేయొచ్చు.

సిటిజన్ అయితే ధీమాగా ఉండొచ్చా? మైనర్ మీద నేరానికి శిక్ష పడిన సిటిజన్, ముప్పేమీ లేదని ప్రభుత్వాన్ని ఒప్పిస్తే తప్ప, భార్యకో తల్లిదండ్రులకో గ్రీన్ కార్డ్ పిటిషన్ వేయలేడు. అలాంటివాడు రిజిస్ట్రీలో ఉన్నంతకాలం అతని పాస్‌పోర్టులో ఆ సంగతి అచ్చవుతుంది. ఇండియాకి రావాలంటే 21 రోజుల ముందే చెప్పాలి.

మన దేశంలోనూ 2018లో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ పెట్టారు. దాన్ని పోలీసు యంత్రాంగమే చూస్తుంది, జనానికి తెరిచి లేదు.

అరెస్టైన రోజు సంగతికి వద్దాం. “లాయర్ కావాలి” అని చెప్పి ఆగిపోవాలి, వివరణలు ఇవ్వొద్దు. డబ్బు లేకపోతే కోర్టే పబ్లిక్ డిఫెండర్‌ని ఇస్తుంది. ఇండియన్ కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు ఉంది. ఫోన్‌లో చాట్‌లు డిలీట్ చేయొద్దు, అది వేరే కేసవుతుంది.

ఇక ఊళ్లో ఉన్న పెద్దలకు. పెద్దమనుషుల్ని పెట్టి అవతలివాళ్లతో రాజీ మాట్లాడదాం అనుకోవద్దు. అక్కడ కేసు నడిపేది ప్రభుత్వం, ఫిర్యాదు చేసినవాళ్లు వద్దన్నంత మాత్రాన ఆగదు. ఒత్తిడి తెస్తే సాక్షిని బెదిరించారని ఇంకో కేసు. జైలు నుంచి వచ్చే ఫోన్ కాల్స్ రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అనుకుంటారేమో, కోర్టులో తెలుగు అనువాదకులు కూడా ఉంటారు.